గోడ లేని వంటయిల్లు

గృహాలంకరణమన్నంతనే మనలో పెక్కుమందికి గుమ్మములకు తెరలు, గోడలకు పటములు, బల్లలపై పూలగుత్తులు జ్ఞప్తికి వచ్చును. నేనును చిరకాలము అట్లే తలచియుంటిని. ఉన్నదానికి మరికొంత చేర్చుటయే అలంకారమని నా నమ్మకము. డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున నా కుమారుని యింట మూడుమాసములు గడపి వచ్చిన పిదప ఆ నమ్మకము సడలినది. అచ్చట నేను నేర్చుకొన్న సంగతులను, నేర్చుకొనుటకు ముందు చేసిన యొక పొరపాటును గూడ దాచక సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2023వ సంవత్సరము నవంబరు మొదటివారములో నేను అచ్చటికి వెళ్ళితిని. కోడలికి నెలలు నిండియుండెను. మా వియ్యపురాలు మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొని ప్రయాణము చేయలేని స్థితిలో నుండుటచే పురిటిపనులు నా పాలబడినవి. వారి కాపురము ఒక పాత యిటుకల మేడలో నాలుగవ అంతస్తున. తలుపు తీసి లోన అడుగిడగానే కోటులు తగిలించు కొక్కెములు, వానిక్రింద చెప్పులు విడుచు చోటు కనబడినవి. ఆ దేశమునను ఇంటిలోనికి చెప్పులతో రారని తెలిసి నాకు సంతోషము కలిగెను. కాని మరి రెండడుగులు వేయునప్పటికి ఆ సంతోషము నిలువలేదు. ఎదుట నున్నది ఒకటే గది.

ఆ గది వైశాల్యము 32 చదరపు మీటర్లు, అనగా సుమారు 345 చదరపు అడుగులు. ఒక చివర గోడవెంబడి పొయ్యి, గిన్నెలు కడుగు తొట్టి, అలమరలు. నడుమ పొడవైన కఱ్ఱబల్ల, దానిచుట్టు ఆరు కుర్చీలు. రెండవ చివర పెద్ద కిటికీల దగ్గర సోఫా, పుస్తకముల అరలు. పూర్వము వంటయింటికిని కూర్చుండు గదికిని నడుమ గోడ యుండెడిదట. అంతకుముందు కాపురమున్నవారు దానిని తీయించివేసిరట. గోడలకు తెల్లరంగు, క్రింద లేతరంగు చెక్కనేల, కిటికీలకు తెరలు లేవు, పటములు రెంటికి మించి లేవు. “ఏమమ్మా, మీ సామాను ఇంకా రాలేదా?” అని కోడలి నడిగితిని. ఆమె నవ్వి, “అంతా వచ్చేసిందండీ అత్తయ్యగారూ. ఇంతే” అనెను.

పడుకొనుటకు వేరుగదులు రెండున్నవి గాని, పగలంతయు గడుపవలసినది ఆ యొక్క గదిలోనే. వచ్చినవారి కంటికి మొట్టమొదట పొయ్యియే కనబడును. పోపు వేసిన వాసన సోఫాకును, తలుపుకడ తగిలించిన కోటులకును పట్టును. అంటగిన్నెలు పదిమంది యెదుట నుండును. వంటయిల్లు నలుగురి కంటబడరాదని మా అత్తగారు నాకు నేర్పినది. నలుబది యేండ్లుగా నేను పాటించినది. నాలుగు దినములు ఓపికపట్టి, అయిదవ దినమున నా మనస్సులోని మాట చెప్పితిని. పొయ్యికిని బల్లకును నడుమ ఒక తెర కట్టింపుడంటిని. మా అబ్బాయి ఏదో చెప్పబోయెను. కోడలు అతనిని వారించి, “మీకు ఇబ్బందిగా ఉంటే కట్టిద్దామండీ” అనెను. రెండు దినములలో పైకప్పునుండి నేలదాక మందమైన బూడిదరంగు తెర వ్రేలాడినది. ఇక నిల్లు ఇల్లువలె నున్నదని నేను తృప్తిపడితిని.

నవంబరు మధ్యలో మనుమరాలు పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లుచేరిరి. అటుపిమ్మటనే నాకు ఆ దేశపు చీకటి సంగతి తెలిసినది. కోపెన్‌హేగన్ భూమధ్యరేఖకు దాదాపు 56 డిగ్రీల ఉత్తరమున నున్నది. డిసెంబరు నెల నడుమ ఉదయము ఎనిమిదిన్నర దాటినగాని సూర్యుడు పొడసూపడు. మధ్యాహ్నము నాలుగు కాకమునుపే అస్తమించును. నడిమధ్యాహ్నమున సైతము అతడు దిక్చక్రమునకు 11 డిగ్రీలకంటె పైకి రాడు. మనకు ఎండ నడినెత్తిపై నుండి దిగును గనుక దానిని ఆపుటకు చూరు దించి కట్టుకొందుము. అచ్చట ఎండ కిటికీలోనుండి అడ్డముగా వచ్చి, దారిలో నేదియు అడ్డుపడకున్నచో గది రెండవ చివరవరకు పారును. తెల్లగోడలు, లేతరంగు నేల, తెరలు లేని కిటికీలు, ఎత్తు తక్కువ సామానులు, ఇవన్నియు ఆ కొద్దిపాటి వెలుతురును జారవిడువకుండుటకై ఏర్పడినవే. నేను కట్టించిన తెర ఆ వెలుతురునే ఆపివైచినది. పొయ్యిదగ్గర పట్టపగలు దీపము లేక కూర తరుగుటకు వీలులేకపోయెను. అయినను నాకు తెర తీయింపవలెనని తోచలేదు. మరియొక దీపము పెట్టింపవలెననియే తోచినది.

దీపమును గూర్చి నేను మొదట నేర్చుకొన్నది అప్పుడే. పైకప్పు నడుమ మంచి ట్యూబులైటు పెట్టింపుమని మా అబ్బాయితో చెప్పగా, అతడు బల్లపై వ్రేలాడు దీపమును చూపి దాని కథ చెప్పెను. దానిని కల్పించినవాడు పౌల్ హెన్నింగ్‌సెన్ అను వాస్తుశిల్పి. 1894లో పుట్టి 1967లో గతించెను. అతని బాల్యము నూనెదీపముల కాలము. పిదప విద్యుద్దీపములు వచ్చి ఇండ్లలో కన్నులు మిరుమిట్లు గొలుపుచుండగా, దీపపు గోళము కంటబడకుండ వెలుతురు మాత్రము మెత్తగా దిగునట్లు చేయవలెనని అతడు 1920 దశకములో కృషిచేసెను. ఒకదానిక్రింద నొకటిగా మూడు ఛత్రములు అమర్చి, వెలుతురు వానిపై బడి క్రిందికి జారునట్లు కుదిర్చెను. మా వారి బల్లపై నున్నది 1958లో అతడు చేసిన మాదిరి. దాని పెద్ద ఛత్రపు అడ్డుకొలత 50 సెంటీమీటర్లు. దానిని బల్లకు రెండడుగుల ఎత్తుననే వ్రేలాడదీయుదురు. కూర్చున్నవారి ముఖములు ఎదుటివారికి కనబడును. దీపము మాత్రము ఎవరి కంటిలోను గ్రుచ్చదు.

ఒక గదికి ఒక దీపమను మన లెక్క వారిది కాదు. బల్లపై నొకటి, సోఫాప్రక్క నొకటి, కిటికీగట్టుపై నొకటి, పొయ్యిదగ్గర నొకటిగా, చిన్నవి, క్రిందుగా నుండునవి, అయిదారు దీపములు ఉంచుదురు. ఏ దీపము వెలిగించిన ఆ చోటు గదియగును; ఆర్పినచో ఆ గది మాయమగును. సాయంకాలమున క్రొవ్వొత్తులు గూడ వెలిగింతురు. వాని వెలుగును వారు ‘లేవెనె ల్యూస్’ అందురు. దానికి సజీవమైన వెలుగని అర్థము. ఆ మాట వినినప్పుడు నాకు మన సంధ్యాదీపము తలపునకు వచ్చి కన్నులు చెమర్చినవి. క్రొవ్వొత్తుల పొగ మూసిన గదిలో గాలిని చెఱచును గనుక, పసిబిడ్డ యున్న యింట వానిని మితముగా వాడుట మంచిది.

డిసెంబరులో ఒక ఆదివారము మా అబ్బాయి నన్ను నగరమునకు ఉత్తరమున నున్న ఓర్‌డ్రుప్ అను చోటికి తీసికొనిపోయెను. ఫిన్ యూల్ అను ప్రసిద్ధ శిల్పి 1942లో తనకై కట్టుకొన్న యిల్లు అచ్చట నున్నది. అతడు 1989లో మరణించువరకు అందులోనే నివసించెను. 2008నుండి అది ప్రజలు చూచుటకు తెఱచియున్నది. ఒక గదిలో నిలిచినచో దాని కవతలి గదియు, ఆవలి తోటయు కనబడును. అయినను ఎక్కడి పని అక్కడిదే యని తెలియుచునే యున్నది. ఇదెట్లు సాధ్యమని నేను చాలసేపు పరిశీలించితిని. సోఫా వీపు ఒకవైపునకు త్రిప్పియున్నది. దానిముందు తివాచీ పరచియున్నది. కుర్చీలు ఒకదాని నొకటి చూచుకొనుచున్నవి. గోడ చేయవలసిన పనిని సామానులు చేయుచున్నవి. ఇంటికి వచ్చిన పిదప మా వారి గదిని చూడగా అందును అదే పద్ధతి కనబడినది. సోఫా గోడకు చేరవేయక నడుమ నుంచి, దాని వీపు బల్లవైపునకు త్రిప్పియుండిరి. మనము సాధారణముగా కుర్చీలన్నిటిని గోడలకు చేరవేసి నడుమ మైదానము విడిచెదము. వారు నడుమ చేర్చి గోడలను విడిచెదరు.

సామాను తక్కువగా నుండుటకు గూడ కారణమున్నది. కోరె క్లింట్ అను ఆచార్యుడు 1924నుండి అచ్చటి లలితకళల విద్యాలయమున కుర్చీలు బల్లలు చేయు విద్య బోధించెను. మనుష్యుని కొలతలను, ఇంటిలో వాడు వస్తువుల కొలతలను ముందు తీసికొనుమనుట అతని పద్ధతి. అతని శిష్యుడు బోర్గె మోగెన్సెన్, సామాన్య కుటుంబములకై ఆ దేశపు సహకార సంఘము పక్షమున కుర్చీలు, బల్లలు కల్పించెను; 1947లో అతడు చేసిన నులక కుర్చీకి ప్రజల కుర్చీ యని పేరు. నాటి ధర సామాన్యులకు తగినది. నేడది అంత చౌక కాదు. మా వారు కొన్నవి పాతసామానుల అంగడిలో ఏరుకొన్నవి. 1950 దశకపు తొలియేండ్లలో అతడును, గ్రేతె మేయర్ అను స్త్రీయు కలిసి అలమరలు కల్పించుటకు ముందు, ఒక కుటుంబమునకు చొక్కాలెన్ని, దుప్పట్లెన్ని, పళ్ళెములెన్ని, అవి మడిచిన ఎంత చోటు పట్టునని లెక్కవేసి కొలిచిరట. ఇది విని నేను నవ్వుకొంటిని. మన యిండ్లలో ముందు అలమర కొని, పిదప దానిని నింపుటకు సామాను కొందుము గదా!

చెక్కపనిని కాపాడు తీరు గూడ సోదరీమణులకు ఉపయోగపడును. తెల్లచేవ కఱ్ఱబల్లలకు వారు మెఱుగుపూత వేయరు, సబ్బు పట్టింతురు. తెల్లని సబ్బు తురుమును వేడినీటిలో కరగించి, చల్లార్చి, మెత్తని బట్టతో కఱ్ఱ యీనెలవెంబడి తుడిచి, మిగిలిన తడిని వెంటనే ఎత్తి, పూర్తిగా ఆరనిత్తురు. సబ్బు కఱ్ఱ రంధ్రములలో నిండి మరకలను లోనికి పోనీయదు. కఱ్ఱ పట్టువలె మెత్తబడును. కొన్ని మాసముల కొకసారి చేసిన చాలును. మెఱుగుపూత వేసిన బల్లలకు ఇది పనికిరాదు; మన టేకు సామానునకు నూనెయే తగినది.

ఇన్ని నేర్చుకొనియు తెర మాత్రము అట్లే యుంచితిని. ఇక నా పొరపాటు తెలిసిన దినము సంగతి చెప్పెదను.

ఆ దేశమున బాలింత యింటికి ప్రభుత్వపు దాది వచ్చి బిడ్డను చూచిపోవును; అందుకు రుసుము లేదు. ఆ దాదియే ఆ పేటలో సుమారు ఒకే కాలమున ప్రసవించిన తల్లులను ఒక కూటమిగా చేర్చును. వారు వంతుచొప్పున ఒకరి యింట నొకరు కలిసికొని కష్టసుఖములు మాటలాడుకొందురు. జనవరి మూడవ వారములో మా కోడలి వంతు వచ్చెను. అయిదుగురు తల్లులు బిడ్డలతో వచ్చిరి. తివాచీపై దుప్పటి పరచి బిడ్డలను వరుసగా పరుండబెట్టి చుట్టును కూర్చుండిరి. మా కోడలు కాఫీ కలుపుటకును, నేను చేసిన జంతికలు పళ్ళెములలో పెట్టుటకును తెర లోనికి వెళ్ళినది. భాష తెలియనందున నేను బల్ల చివర, తెర అంచు ప్రక్కన కూర్చుంటిని. అచ్చటినుండి నాకు రెండు వైపులును కనబడుచుండెను.

ఇంతలో అందరును ఫక్కున నవ్విరి. మా మనుమరాలు ప్రక్కనున్న బిడ్డ చొక్కా పట్టుకొని వదలకుండెను. లోపలనుండి మా కోడలు ఏమైనదని వారి భాషలో అడిగెను. నవ్వులలో ఎవరికిని వినబడలేదు. నేను తిరిగి చూచితిని. ఆమె ఒకచేత కాఫీకూజా పట్టుకొని, రెండవచేత తెర అంచు పట్టుకొని, తల యొకప్రక్కకు వంచి వినుచు నిలిచియున్నది. బయటికి రాలేదు, పాలు పొంగు సమయము.

ఆ నిలుచున్న తీరు నాకు క్రొత్త కాదు. అది నాదే. కోనసీమలో మా అత్తవారిది మండువా లోగిలి. నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును వసారాలు, ముందు సావిడి. గాలికిని వెలుతురునకును లోటులేని యిల్లు. వంటయిల్లు మాత్రము వెనుకవైపున, గోడ చాటున, పొగలో. 1986లో ఒక సాయంకాలము సావిడిలో అందరును చప్పట్లు చరచి నవ్విరి. నేను పొయ్యిదగ్గర పాలగిన్నె విడువలేక, తలుపు పట్టుకొని, తల వంచి వినుచుంటిని. పాలు దించి పరుగున పోవునప్పటికి మా అబ్బాయి తొలియడుగులు వేయుట ముగిసి, వాని నాయనమ్మ యొడిలో నుండెను. “ఇప్పుడే వచ్చావా? నాలుగడుగులు వేశాడే!” అని మా అత్తగారు సంతోషముతోనే అనిరి. ఆమె చెడ్డది కాదు. ఆమెయు ఒకనాడు ఆ తలుపుదగ్గరనే నిలిచియుండవలెను. ఆ రాత్రి నేను ఎవరికిని తెలియకుండ ఏడ్చితిని. ముప్పదియేడేండ్ల పిదప, సముద్రములు దాటిపోయి, గోడ లేని యింటిలో నా చేతులార ఆ గోడను మరల కట్టించితిని!

ఆ సాయంకాలము అతిథులు పోగానే మా అబ్బాయిని పిలిచి తెర విప్పుమంటిని. కోడలు ఆశ్చర్యపడి, “మరి పోపు వాసనండీ అత్తయ్యగారూ?” అనెను. “వాసన సంగతి కిటికీ చూచుకుంటుంది. నువ్వు పిల్లను చూసుకో” అంటిని. ఆమె మారుమాట పలుకలేదు. మరునాడు లేచి చూచునప్పటికి బల్లను మూరెడు దూరము పొయ్యివైపునకు జరిపి, నాకొక కుర్చీ వేసియున్నది. అందు కూర్చున్నచో పొయ్యియు, ఉయ్యాలయు, కిటికీలోని ఆకాశమును ఒకేసారి కనబడుచుండెను. నేను చిక్కుడుకాయలు ఒలుచుచుండగా ఆమె పోపు వేయుచు నాతో మాటలాడినది. ఆ మాటలు అంతకు పూర్వము మా నడుమ జరుగలేదు. పొయ్యియు బల్లయు కలిసిన ఇట్టి గదికి వారి భాషలో ‘సామ్తేలె కొకెన్’ అని పేరున్నదని ఆమెయే చెప్పినది. సంభాషణల వంటయిల్లని దాని అర్థమట.

గోడ లేని యింట ఇబ్బందులు లేవని నేననను. వాసనకై మూతపెట్టి వండుట, పొగను లాగు పంకా ముందుగానే వేయుట, చలిలోనైనను దినమునకు రెండు మూడుసార్లు కిటికీలు బారుగా తెరచి అయిదు పది నిమిషములు గాలి మార్చుట అలవరచుకొంటిమి. కోటులను పడకగదిలోని అలమరకు మార్చితిమి. దేవుని పటములను పుస్తకముల అరలలో పైదానిలో నుంచి, దానికి చిన్న తలుపులు పెట్టించితిమి. అన్నిటికంటె పెద్ద లోపము ఏకాంతము లేకుండుట. “ఒక్కోసారి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలనిపిస్తుందండీ” అని కోడలు చెప్పగా, ఎత్తైన వీపు గల కుర్చీనొకదానిని కిటికీవైపునకు త్రిప్పి వేసితిమి. అందు కూర్చున్నవారిని ఎవరును పలుకరింపరాదు. ఆ నియమమును మా అబ్బాయి గూడ పాటించెను. గోడను తీసినవారు దాని బదులు ఇట్టి మర్యాదలను కల్పించుకొనక తప్పదు.

జనవరి నెలాఖరున నేను తిరిగి వచ్చితిని. ఇచ్చట నా యింటి గోడలు పడగొట్టింపలేదు. గోడ పైకప్పు బరువును మోయుచున్నదో లేదో ఇంజనీరు చూచి చెప్పనిదే దానిపై గునపము వేయరాదు. విదేశపు దీపములు, కుర్చీలు కొనలేదు. భోజనబల్లపై నున్న ట్యూబులైటు తీయించి, ఛత్రమున్న చిన్నదీపమును రెండడుగుల ఎత్తున వ్రేలాడదీయించితిని. అలమరలోని వస్తువులు లెక్కించి, రెండేండ్లుగా చేయి తగులనివి ఇచ్చివేసితిని. వంటయింటిలో పొయ్యికెదురుగా ఒక చిన్నబల్లయు, రెండు కుర్చీలును వేయించితిని. ఆ కుర్చీలలో నొకటి మావారిది. మొదట పత్రిక చదువుకొనుటకు వచ్చి కూర్చుండిరి. ఇప్పుడు బెండకాయలు గూడ తరుగుచున్నారు. ముక్కలు సమానముగా నుండవు గాని నేను ఏమియు అనుట లేదు.

సోదరీమణులారా, ఇల్లు అలంకరింపబూనినప్పుడు ముందుగా ఒక కుర్చీ తీసికొని మీ వంటయింటిలో కూర్చుండి చూడుడు. ఇంటివారి నవ్వు అచ్చటికి వినబడునా, వారి ముఖములు కనబడునా యని పరీక్షింపుడు. కనబడకున్నచో, తెరల రంగులను గూర్చి తరువాత ఆలోచింపవచ్చును.